ఎర్రన్న గారి ఆత్మవిమర్శ సభ

కార్మిక శాఖ మంత్రి ఎర్రన్న గారు మా ఊరి నూలు మిల్లులో ఉన్న సమస్యలన్నిటికీ పూర్తిగా శాస్త్రీయమైన శాశ్వత పరిష్కారం ప్రకటించారు. దాని పేరు ఆత్మవిమర్శ. అంతటి చారిత్రక ఘట్టానికి మైకుసెట్టు నాదే కావడం నా పూర్వజన్మ సుకృతం.

కుర్రతనం నుంచీ ఆయన ప్రతి సభకీ మైకు పెట్టినవాణ్ణి గనక, ఆయన సిద్ధాంతంలో ఇసుమంతైనా మార్పు రాలేదని ఘంటాపథంగా చెప్పగలను. యూనియన్ నడిపిన రోజుల్లో "మిల్లు కార్మికులది" అన్నారు. ఎన్నికల్లో గెలిచాక "మిల్లులో కార్మికులకూ వాటా ఉంది" అన్నారు. మంత్రయ్యాక "కార్మికులు మిల్లువాళ్లు" అన్నారు. మాటలు అవే. కాస్త అటూ ఇటూ సర్దుకున్నాయంతే. పెట్టుబడిదారీ వ్యవస్థని లోపల్నించి కూల్చడానికే అధికార పార్టీలో చేరారు. ఇంకాస్త లోపల్నించి కూల్చడానికి మిల్లులో భాగస్వామి అయ్యారు. ఇప్పుడెంత లోపలికి వెళ్లిపోయారంటే, బయటున్న మాబోటివాళ్లకి కనపడ్డమే మానేశారు.

ఎర్రన్న గారు సభకి వస్తుంటే మిల్లు గేటు దగ్గర దూదక్క ఆయన కారుకి అడ్డంగా నిలబడింది. తలనిండా దూదిపింజలతో తిరిగేది కాబట్టి ఆవిడకా పేరు. దూది ఏకే మెషీన్లకి మూతలుంటే శుభ్రం చెయ్యడానికి టైం పడుతోందని మేనేజ్‌మెంటు వాటిని పీకించింది. మెషీను దూదక్క కుడిచేతి వేళ్లు రెండు తీసేసుకుంది. చెయ్యి సరిగా లేదని మేనేజ్‌మెంటు మిగతా దూదక్కని గేటు బయట పెట్టింది.

"అన్నా, నా పని నాకిప్పించు. మెషీనుకి మూత వేయించు. ఇంకేం అడగను," అంది.

ఎర్రన్న గారు కారు అద్దం దించి ఎంతో ఓపిగ్గా బోధపరిచారు. "దూదక్కా, దీన్ని గతితార్కికంగా చూడాలమ్మా. మెషీను ఒక శక్తి. నీ చెయ్యి దానికి విరుద్ధశక్తి. రెంటికీ ఘర్షణ జరిగింది. అందులోంచి కొత్త స్థితి పుట్టింది."

"ఏం స్థితన్నా?"

"మూడు వేళ్ల స్థితి."

"ఆ స్థితికి ఇంట్లో పొయ్యి వెలుగుతుందా?"

"నీలో ఇంకా వ్యక్తివాదం చావలేదు. లోపలికొచ్చి సభలో కూర్చో. అదే చస్తుంది," అని గేటు తీయించారు. ఎంత పెద్ద మనసు.

సభ మెషీన్ల హాల్లోనే పెట్టారు. ప్రొడక్షన్ దెబ్బతినకూడదని మెషీన్లు ఆపలేదు. మైకు సౌండు పెంచమన్నారు. పాతరోజుల్లో కమిటీల్లో చేసినట్టే ఒక్కొక్కరూ లేచి తన తప్పు తానే చెప్పుకోవాలని ఎర్రన్న గారు వివరించారు. "చెప్పి ఊరుకుంటే కుదరదు. అక్కడికక్కడే దిద్దుకోవాలి. దిద్దుకోని ఆత్మవిమర్శ ఒట్టి ఏడుపు," అన్నారు.

ముందుగా ఓనరు గారు లేచి తన తప్పు అతిమంచితనమని ఒప్పుకున్నారు. ఇవాళ్టినుంచే దిద్దుకుంటానని మాటిచ్చారు. ఎర్రన్న గారికి కళ్లు చెమర్చాయి. ఇంత నిజాయితీ కార్మికవర్గంలో కూడా చూడలేదన్నారు. తర్వాత మేస్త్రీ లేచి, టీకి వెళ్లడం తన తప్పన్నాడు. ఒక ముసలాయన దగ్గు తన తప్పన్నాడు. ఎలా దిద్దుకోవాలో మాత్రం తెలియడం లేదన్నాడు.

"బయటికెళ్లి దగ్గు," అన్నారు ఎర్రన్న గారు. సమస్య తీరిపోయింది.

దూదక్క వంతొచ్చింది. మైకు ఎడంచేత్తో పట్టుకుంది.

"తప్పు నాదేనన్నా."

ఓనరు గారు కుర్చీలో ముందుకి జరిగారు. మేనేజరు గబగబా ఫోన్లో వీడియో తియ్యడం మొదలెట్టాడు. తప్పు తనదేనని తనే ఒప్పుకుంటే ఇక ఆవిడకి పని ఇవ్వక్కర్లేదట.

"పనిలో చేరిన కొత్తలో యూనియన్ అన్న ఒకడు ఇదే హాల్లో బల్లెక్కి చెప్పాడు. మూతలేని మెషీనులో చెయ్యి పెట్టకండర్రా, స్విచ్చి కట్టేసి బయటికి నడవండి, మీ చెయ్యి ముఖ్యమా, వాడి నూలు ముఖ్యమా అని. నేను విన్లేదు. మెషీను ఆపలేదు. అదీ నా తప్పు."

"శభాష్. పరిణతి," అన్నారు ఎర్రన్న గారు అలవాటుగా. అంతలో అనుమానం వచ్చి, "ఏ అన్న?" అన్నారు.

"దిద్దుకుంటున్నా," అని దూదక్క వెళ్లి తన పాత మెషీను స్విచ్చి కట్టేసింది.

మేస్త్రీ మళ్లీ లేచాడు. "టీ గురించి నోరుజారి చెప్పానండి. నాదీ దూదక్క తప్పే," అని పక్క మెషీను ఆపాడు. ముసలాయన బయట దగ్గడం ఆపి లోపలికొచ్చి మరీ ఇంకోటి ఆపి వెళ్లాడు. కాసేపట్లో హాలంతా ఎవరి తప్పు వాళ్లు దిద్దుకుని, ఎక్కడా తోపులాట లేకుండా బయటికి నడిచారు. అంత క్రమశిక్షణ నేను ఎర్రన్న గారి సభల్లో ఏనాడూ చూడలేదు.

"మూతలొచ్చి, దూదక్క లోపలికొచ్చాకే మేం వస్తాం," అన్నాడు మేస్త్రీ గుమ్మంలోంచి.

ఎర్రన్న గారు ఆగిపోయిన మెషీన్ల వంక చూశారు. తర్వాత బందోబస్తుకొచ్చిన ఇన్‌స్పెక్టర్ గారిని పిలిచారు.

"పాపం, వీళ్లంతా అమాయకులు. ఇదంతా వీళ్ల బుర్రకెక్కించినవాడు ఎవడో ఒకడుంటాడు. వాణ్ణి పట్టుకుని లోపలెయ్యండి."

"అలాగే సార్," అని ఇన్‌స్పెక్టర్ గారు సెల్యూట్ కొట్టారు.

"వెళ్లరేం మరి?"

ఇన్‌స్పెక్టర్ గారు కదల్లేదు. ఎర్రన్న గారి మొహంకేసే చూస్తూ నిలబడ్డారు.