ఉడుకుకొండ మీద సమీక్ష

ఒక పెద్ద అడవిలో ఉడుకుకొండ అని ఒక కొండ ఉండేది. నడి వానాకాలంలో కూడా దాని పగుళ్ళలోంచి సన్నగా పొగ వచ్చేది. జంతువులు ఆ వాలులోనే బొరియలు తవ్వుకుని, పిల్లల్ని వెచ్చగా పడుకోబెట్టుకుని, పొగ సంగతి పట్టించుకోవడం మానేశాయి.

పొరుగడవిలో ఒక ప్రయోగశాల ఉందని తెలిశాక పులిరాజుకి నిద్ర పట్టలేదు. మనకీ ఒకటి కావాలన్నాడు. దేనికి ప్రభూ అని ఎవరూ అడగలేదు కనుక వెంటనే మంజూరైంది. కొండ పాదంలో ఉన్న గుహని ఇచ్చి, ముళ్ళపంది శూలపాణిని అధికారిగా వేశారు. ఆయనకి రాళ్ళంటే ప్రాణం. పైగా ఒంటినిండా ముళ్ళు కనుక పైరవీకి వచ్చేవాళ్ళెవరూ ఆయన భుజం మీద చెయ్యి వెయ్యలేరు.

అందరూ ఆశ్చర్యపోయేలా శూలపాణి నిజంగానే పని మొదలుపెట్టాడు. గుహ నేలలో కొండవేడి ఎగదన్నే గుంట ఒకటి ఉంది. అందులో రాయి పడేసి, కోతుల చేత తిత్తులు ఊదించి, పైన వెడల్పాటి బండ మూత వేసేవాడు. ఆ బండ మీద అడవిపంది వరహాలుని కూర్చోబెట్టేవాడు.

"నేనెందుకండీ కూర్చోడం?" అని మొదటిరోజే అడిగాడు వరహాలు.

"కొండ లోపలి రాయి మీద కొండంత బరువుంటుందయ్యా. ఉట్టి రాయిని కాలిస్తే దాని సంగతి మనకేం తెలుస్తుంది? పైన బరువు పెట్టి కాల్చి చూడాలి."

"కూర్చోడమే ఉద్యోగమైతే నాకేం అభ్యంతరం లేదండీ," అన్నాడు వరహాలు. కూర్చున్న కాసేపటికే గురక పెట్టాడు. అంత నిష్ఠగా ఉద్యోగం చేసినవాడు ఆ అడవిలో మరొకడు లేడు.

శూలపాణి తన వీపు మీది ముల్లు ఒకటి పీకి, బండ పక్క సందులోంచి గుచ్చి చూసేవాడు. టక్కుమంటే రాయి ఇంకా రాయే. దిగితే కరిగినట్టు. వరహాలు కూర్చున్నప్పుడల్లా ముల్లు బెల్లప్పాకంలో దిగినట్టు దిగేది. శూలపాణి సంబరం పట్టలేక ఆ కాలిన ముల్లుని ఇంటికి తీసుకెళ్ళి భార్యకి చూపించేవాడు. ఇలా పీక్కుంటూ పోతే చలికాలానికి ఒంటిమీద ఏం మిగులుతుందని ఆవిడ దిగులు ఆవిడది.

ఇదిలా ఉండగా, రాజుగారి ఆంతరంగిక కార్యదర్శి నక్క వినయభూషణానికి ఆ కొండ మీద వేరే ఊహ పుట్టింది. కొండ తల చెక్కి చదును చేస్తే రాజుగారికి చల్లని విహారమందిరం కట్టొచ్చు. కట్టడానికి తన బావమరిది ఖాళీగానే ఉన్నాడు. అడ్డమల్లా శూలపాణే. లోపల రాయి కరుగుతోందని ఆయన చెప్తూ ఉంటే కొండని ముట్టుకోడానికి ఎవరికి ధైర్యం వస్తుంది?

ఒకరోజు తనిఖీకి వచ్చిన అడవిదున్నగారు ఆయాసం తీర్చుకోడానికి వరహాలు పక్కనే బండ మీద కూలబడ్డారు. ఆ పూట ముల్లు టక్కుమంది. సరిగ్గా ఊదలేదని శూలపాణి కోతుల్ని కేకలేశాడు. వెంట వచ్చిన వినయభూషణం మాత్రం మీసాల్లో నవ్వుకున్నాడు. బరువు పెరిగితే రాయి కరగదు. ఎందుకు కరగదో ఆయనకి అనవసరం.

మర్నాడే వచ్చాడు. "శూలపాణిగారూ, రాజుగారు మీ పని స్వయంగా సమీక్షిస్తారట. అంతటి రోజున పందిని కూర్చోబెడితే ఏం బావుంటుంది చెప్పండి? పెద్దల్నే బండ మీద కూర్చోబెడదాం. రాయి కరిగిందా, కొండ జోలికి పోం. కరగలేదా, కొండ గట్టిదన్నట్టే. తల చెక్కి మందిరం కడతాం."

శూలపాణికి ముందు ఇల్లు గుర్తొచ్చింది. పెళ్ళాం పిల్లలతో తనుండే బొరియ ఆ వాలులోనే ఉంది. అయినా పంది బరువుకే కరిగే రాయి పెద్దల బరువుకి కరగకపోవడమేమిటని ధైర్యం చెప్పుకుని సరేనన్నాడు. పాపం, ఎంత చదివినా పెద్దలంటే ఆయనకి అంత గురి.

సమీక్ష రోజు ఏనుగు మందాకినీదేవి బండ మధ్యలో ఆసీనురాలైంది. అటు దున్నగారు, ఇటు ఎలుగుబంటిగారు. పులిరాజు ఏనుగు వీపెక్కి కూర్చున్నాడు. చోటు దొరకని వరహాలు గుమ్మం దగ్గర నిలబడి ఆవులిస్తున్నాడు. జింకల ప్రతినిధి సెలవు పెట్టింది. భోజనాలున్న సమావేశాలకి జింకలు రావు.

శూలపాణి ముల్లు గుచ్చాడు. టక్.

"ఇంకా ఊదండర్రా," అన్నాడు కోతులతో.

దున్నగారు రాళ్ళ ప్రాశస్త్యం గురించి ఉపన్యసించారు. ఎలుగుబంటిగారు దున్నగారి ఉపన్యాసం గురించి ఉపన్యసించారు. ముల్లు టక్కుమంటూనే ఉంది.

"బరువు చాలినట్టు లేదు," అంటూ వినయభూషణం బయట ఉన్న ఖడ్గమృగాన్ని కూడా పిలిచి కూర్చోబెట్టాడు. మళ్ళీ టక్కే. శూలపాణి వీపు సగం బోడిగా అయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశారుగా ప్రభూ. లోపల కరిగేదేం లేదు. రేపే కొండ తల చెక్కించేద్దామా?" అన్నాడు వినయభూషణం.

"కానీ," అన్నాడు పులిరాజు. "ముందు భోజనం."

అందరూ లేచారు. మందాకినీదేవి కూడా నెమ్మదిగా లేచి వెళ్ళింది. శూలపాణి ఒక్కడూ అక్కడే కూలబడ్డాడు. పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోవాలి? ఏమీ తోచక, అలవాటు చొప్పున ఇంకో ముల్లు పీకి సందులో గుచ్చాడు.

అది మొదలంటా దిగిపోయింది.

ఆ వెంటనే బండ అంచు పైకి లేచి, ఎర్రటి పాకం కుతకుతలాడుతూ పొంగింది. గుమ్మంలో బావమరిదితో గుసగుసలాడుతున్న వినయభూషణం తోక చుర్రుమంది. ఆ అరుపుకి పెద్దలంతా విస్తళ్ళ ముందునుంచి పరిగెత్తుకొచ్చారు.

"మేం కూర్చున్నంతసేపూ కరగని రాయి మేం లేవగానే కరుగుతుందా?" అని గర్జించాడు పులిరాజు. "ఇది రాజధిక్కారం."

అప్పుడు వెలిగింది శూలపాణికి. ఆ సంతోషంలో భయం సంగతి మర్చిపోయాడు. "వేడి పొద్దుట్నుంచీ చాలినంత ఉంది ప్రభూ. తమందరి బరువే దాన్ని కరగనివ్వలేదు. లేచారు, కరిగింది. కొండ లోపలా ఇంతే. కొండ తల తీశామంటే ఆ బరువు పోతుంది. అప్పుడు ఈ గుంటలో జరిగిందే అడవంతా జరుగుతుంది."

పులిరాజు గుంట వైపు చూశాడు. కొండ వైపు చూశాడు.

"అంటే కదలకుండా కూర్చోడమే దాని పనా?"

"అంతే ప్రభూ."

"అయితే మన కొలువులో అందరికన్నా సీనియర్ అదే. దాన్ని ఎవరూ కదపొద్దు."

విహారమందిరం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కాలిన తోకతో వినయభూషణం ఆ కొండకే కాపలాదారయ్యాడు. వరహాలు తిరిగి బండెక్కి గురక పెట్టాడు. శూలపాణి బోడివీపు చూసి భార్య చివాట్లు పెట్టింది, తర్వాత దుప్పటి కప్పింది. సమీక్షలు మాత్రం ఆగలేదు. కాకపోతే శూలపాణి వాటిని ఎప్పుడూ సరిగ్గా భోజనాలవేళకే పెట్టించేవాడు.

నీతి: కదలకుండా కూర్చుని అడవికి మేలు చేసేది కొండ ఒక్కటే, తక్కిన పెద్దలు భోజనానికి లేస్తేనే ఏ పనైనా అవుతుంది.