రెండుకీ మూడుకీ మధ్య

మా ఆఫీసు లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయినందువల్ల సిబ్బంది ఇంగ్లీషు బాగా మెరుగుపడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. శిక్షణ తరగతులు పెట్టినా రాని ప్రగతి ఒక్క పూటలో వచ్చింది. ఖర్చు కూడా లేదు.

లోపల ఇరుక్కున్నది మా సీనియర్ క్లర్కు. అందరూ ఆయన్ని డిక్షనరీ గారు అంటారు. మా దగ్గర ఉత్తరాలన్నీ ఇంగ్లీషులోనే పోవాలి. రాసేదీ మేమే, చదివేదీ మాలాంటి వాళ్లే, అయినా ఇంగ్లీషులోనే పోవాలి. పెద్ద పెద్ద మాటలతో మాకు పేచీ లేదు, పాత ఫైలు చూసి దించేస్తాం. ప్రాణం తీసేవి చిన్నవే. సోమవారానికి ముందు 'ఆన్' పెట్టాలా 'ఇన్' పెట్టాలా? ఫలానా తేదీ నుంచి అనాలంటే 'ఫ్రమ్' రాయాలా 'సిన్స్' రాయాలా? అనుమానం వచ్చిన ప్రతివాడూ కాగితం పట్టుకుని డిక్షనరీ గారి బల్ల దగ్గరికి పోతాడు. పదకొండేళ్లుగా ఆయన తన సొంత పని మేమంతా ఇళ్లకు వెళ్లాకే మొదలుపెడుతున్నారు.

ఆ రోజు పదకొండున్నరకి నాలుగో అంతస్తులో ఆయనకి సూపరింటెండెంటు పోస్టు ఇంటర్వ్యూ. ఆ పోస్టుకి తలుపున్న గది ఇస్తారు. ఆయనకి కావలసింది ఆ తలుపే. అభ్యర్థి ఆయన ఒక్కరే, వెళ్లి కుర్చీలో కూర్చుంటే చాలు. ఆ రోజు భర్తీ కాకపోతే మాత్రం పోస్టే ఎత్తేస్తారు. పదీ యాభైకి ఇస్త్రీ చొక్కాతో లిఫ్టు ఎక్కారు. ఆయన గడ్డం మూడో అంతస్తు గచ్చుకి ఆనే ఎత్తులో లిఫ్టు ఆగింది. పాతకాలపు ఊచల గేటు కాబట్టి తల మాకు చక్కగా కనిపిస్తూనే ఉంది.

గేటు తాళంచెవి వాచ్‌మన్ జేబులోనే ఉంది.

"తియ్యవయ్యా బాబూ, ఓ స్టూలు అందిస్తే ఎక్కేస్తాను" అన్నారు డిక్షనరీ గారు.

"నాదేముంది సార్, తీసేస్తాను. లిఫ్టు కంపెనీకి ఉత్తరం వెళ్లాకే తాళం ముట్టుకోవాలని రూలు కదా. ఆ రూలు దిద్దింది మీరేగా!"

హెడ్ క్లర్కు మేడం ఆలస్యం చేయకుండా కాగితం తీశారు. మొదటి వాక్యంలోనే చర్చ పుట్టింది. మనిషి 'ఇన్ ది లిఫ్ట్' ఉన్నట్టా, 'ఆన్ ది లిఫ్ట్' ఉన్నట్టా? బస్సుకి 'ఆన్' అంటాం, ఇదీ మనుషుల్ని మోసేదే కదా అని టైపిస్టు వాదన. ఆగిపోయాక అది వాహనం కాదు, గది కింద లెక్క అని మేడం వాదన. ఇరువర్గాలూ పావుగంట సేపు ఎంతో మర్యాదగా పోట్లాడుకున్నాక, నిపుణుడి సలహా తీసుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. నిపుణుడు కాళ్ల దగ్గరే ఉన్నాడు. మేడం గచ్చు మీద చతికిలబడి కాగితం ఊచల్లోంచి అందించారు.

"'ఇన్' అమ్మా! లోపలున్నది నేను, నాకు తెలీదా?"

"అది సరే అన్నయ్యగారూ, పదీ యాభై నుంచి అనడానికీ..."

"సిన్స్! సిన్స్ పెట్టి తొందరగా పంపండి తల్లీ!"

అన్నారే గానీ, ఉత్తరం మొత్తం దిద్దే ఇచ్చారు. తప్పు కంటపడితే ఆయన చెయ్యి ఆగదు.

డిక్షనరీ గారు ఖాళీగా దొరికారన్న వార్త నాలుగు అంతస్తులకీ పాకింది. పదినిమిషాల్లో మెట్ల దాకా లైను. తోపులాట లేకుండా వాచ్‌మనే చూసుకున్నాడు. మధ్యలో తన బావమరిది ఉద్యోగం దరఖాస్తు కూడా అందించాడు. ఆయన గచ్చు అంచునే బల్లగా చేసుకుని దిద్దుతూ పోయారు. దిద్దిన ప్రతి కాగితానికీ ఒకసారి వాచీ చూసుకునేవారు.

"తలుపున్న గది కావాలన్నారుగా సార్, ముందే ఇచ్చేశారు" అన్నాడు టైపిస్టు. అందరం నవ్వాం. ఆయన కూడా కొంచెం నవ్వారు.

"పదకొండూ ఇరవై అయింది. ఉత్తరం వెళ్లిందా అమ్మా?"

"ఫెయిర్ కాపీ చేయిస్తున్నానండీ. మీరంత చక్కగా దిద్దింది కొట్టివేతలతో పంపిస్తే మీకే నామోషీ."

సరిగ్గా పదకొండున్నరకి వాళ్లావిడ ఫోను.

"ఏమండీ, లోపలికి పిలిచారా?"

"లోపలే ఉన్నానే. తర్వాత చెప్తాను."

పావు తక్కువ పన్నెండుకి పై ఆఫీసరు గారి ప్యూను నాలుగో అంతస్తు నుంచి ఒక చిత్తుప్రతి తెచ్చాడు. లైను దాటించి ముందుకి పంపించాం, ఎంతైనా పై ఆఫీసరు కాగితం. అభ్యర్థి పదకొండున్నరకల్లా హాజరు కానందున పోస్టును రద్దు చేయడమైనదని అందులో ఉంది. పదకొండున్నరకి ముందు 'అన్‌టిల్' రాసి, దాని కింద గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు ఆఫీసరు గారు. తెలియనిది అడిగి తెలుసుకునే గొప్ప గుణం ఆయనది.

డిక్షనరీ గారు చదివారు. మళ్లీ చదివారు. చించేస్తే చించేయవచ్చు, అడ్డుకునేంత దూరం మా చేతులు వెళ్లవు. ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. 'అన్‌టిల్' కొట్టేసి 'బై' రాశారు. రెండో వరసలో ఒక కామా పక్కకి జరిపారు. మార్జిన్‌లో పొట్టి సంతకం పెట్టి, "ఇప్పుడు సరిగ్గా ఉంది, తీసుకెళ్లు" అన్నారు. అని కింద కూర్చుండిపోయారు. తల ఇక కనిపించలేదు.

పన్నెండుంబావుకి ఫెయిర్ కాపీ వెళ్లింది, తాళం తీశారు, స్టూలు దింపారు. పైకి లాగడానికి చెయ్యి ఎవరమూ ఇవ్వలేకపోయాం. అందరి చేతుల్లోనూ దిద్దిన కాగితాలున్నాయి.

మధ్యాహ్నం ఉత్తర్వు నోటీసు బోర్డుకి ఎక్కింది. ఆఫీసరు గారు స్వయంగా దిగివచ్చి ప్రసంగించారు. "ఈ కార్యాలయ చరిత్రలో ఒక్క తప్పు లేని మొదటి ఉత్తర్వు ఇది. దీన్ని అందరూ నమూనాగా పెట్టుకోవాలి. ఇందుకు కారకులైన సీనియర్ క్లర్కు గారు మన మధ్యే, అదే బల్ల దగ్గర కొనసాగడం మన అదృష్టం." చప్పట్లు బాగా పడ్డాయి. ఉత్తర్వుని ఫోన్లో ఫోటో తీసుకున్నవాళ్లు పాతికమంది ఉంటారు.

ఇది చదివి మీరు పాపం అంటారు. నేనూ అన్నాను, లైన్లో నా వంతు అయ్యాక. మేమైతే ముందు తాళం తీయించేవాళ్లం అంటారు. సంతోషం, నమ్ముతాను. మరి ఆ 'అన్‌టిల్' కొట్టేసి 'బై' ఎందుకు పెట్టారా అని ఇందాకట్నుంచి ఆలోచిస్తున్నది ఎవరండీ?