స్కేలు మాస్టారి జేబు

ఆ ఉదయం లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రార్థన మందిరానికి వెళ్ళడం, ఆడవాళ్ళ బట్టలు ఆడవాళ్ళూ మగవాళ్ళ బట్టలు మగవాళ్ళూ వేసుకోవాలని ఉపన్యాసం దంచడం, తిరిగొచ్చేసరికి మందిరానికి పెద్ద అయిపోవడం. మోకాళ్ళ నొప్పులతో తప్పుకుంటున్న పెద్దాయన తన కుర్చీ ఎవరికిచ్చేదీ ఆ పూటే చెబుతానన్నారు. మాస్టారికి ఆ విషయంలో రవ్వంత అనుమానం లేదు. వారం వారం గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళ బట్టల చేతుల పొడవూ అంచుల పొడవూ స్కేలుతో కొలిచి లోపలికి వదిలేది ఆయనే కదా! అందుకే అందరూ ఆయన్ని స్కేలు మాస్టారంటారు.

భార్యా, చుట్టపుచూపుగా వచ్చిన అత్తగారూ ముందే వెళ్ళిపోయారు. ఇంట్లో కరెంటు లేదు, గదంతా చీకటి. మాస్టారు బీరువాలో చెయ్యి పెట్టి, తన నల్ల ప్యాంట్ల దొంతరలోంచి చేతికందిన దాన్ని లాగి తొడుక్కున్నారు. నడుం దగ్గర కాస్త సాగుతూ భలే హాయిగా ఉంది. మంచి పనికి బయల్దేరితే బట్టలు కూడా సహకరిస్తాయని మురిసిపోయారు.

గుమ్మం దగ్గర కొలతలు ముగించి, స్కేలు చేత్తో పట్టుకునే వేదికెక్కారు. గొంతు ఖంగుమంది.

"మగవాడి బట్ట ఆడది వేసుకోకూడదు! ఆడదాని బట్ట మగవాడు ముట్టుకోకూడదు! ఇది నా మాట కాదు, దేవుడి మాట!"

ఆడవాళ్ళ వరుసలో భార్య గుడ్లప్పగించి చూస్తోంది. మైమరచిపోయిందనుకున్నారు. ఆమె కూర్చోమన్నట్టు చెయ్యి కిందికి ఊపింది. గొంతు తగ్గించమంటోందనుకుని తగ్గించారు. ఆమె గాభరాగా నడుం వైపు వేలు చూపించింది. అసలు సంగతే మరిచిపోయాను సుమా అనుకుని ప్యాంట్ల మీద పడ్డారు.

"ఈ రోజుల్లో ఆడవాళ్ళు ప్యాంట్లు తొడుగుతున్నారు! ఇదిగో చూడండి, మగవాడి ప్యాంటంటే ఇలా ఉంటుంది!" అంటూ వేదిక అంచుకొచ్చి అటొకసారీ ఇటొకసారీ తిరిగి చూపించారు. భార్య రెండు చేతులతో మొహం కప్పుకుంది.

చూపించడం అయ్యాక స్కేలు జేబులో దోపారు. అది టప్పున కింద పడింది. వంగి తీసి మళ్ళీ దోపారు. మళ్ళీ పడింది. తొడ తడుముకుని చూస్తే, జేబు ఉండాల్సిన చోట కుట్టు గీత ఉంది గానీ జేబు లేదు.

"చూశారా మోసం! కంపెనీవాళ్ళు జేబులు కూడా ఎగ్గొడుతున్నారు!"

అల్లుడి ఉపన్యాసంలో సగానికే కునుకులోకి జారుకుని, స్కేలు చప్పుడుకు లేచిన అత్తగారు జాలిపడ్డారు. "మోసం కాదు అల్లుడుగారూ! ఆడవాళ్ళ ప్యాంట్లకి జేబులు కుట్టరు. అమ్మాయికి అది నేనే కొనిపెట్టాను."

మందిరమంతా నోరు వెళ్ళబెట్టింది. మాస్టారికి ఇంతమంది ముందు ఆడదాని ప్యాంటులో నిలబడ్డానన్న సిగ్గు ఒక పక్క. తన ఇంట్లో, తన బీరువాలో, తన ప్యాంట్ల మధ్య ఆడదాని ప్యాంటు కాపురం చేస్తోందన్న దిగ్భ్రమ ఇంకో పక్క. కుర్చీ కళ్ళెదుటే జారిపోతోంది.

"కావాలనే తొడుక్కున్నానండీ!" అని అరిచారు. "ఎంత అసహ్యంగా ఉంటుందో మీకు చూపిద్దామని!"

పెద్దాయన అదిరిపడ్డారు. "పొరపాటైతే దేవుడు క్షమిస్తాడు నాయనా. తెలిసే తొడుక్కున్నావా?"

"అయ్యో లేదండీ, పొరపాటే!"

"అయితే ఇందాక చెప్పింది అబద్ధమా? మందిరంలో నిలబడా?"

అప్పుడు భార్య లేచింది.

"ఆ ప్యాంటు నాదేనండీ. మందుల గోడౌన్లో పొద్దస్తమానం నిచ్చెనెక్కి దిగే ఉద్యోగం నాది. కింద మగవాళ్ళు పెట్టెలు అందిస్తుంటారు. చీరతో నిచ్చెనెక్కడం మర్యాదో, ప్యాంటుతో ఎక్కడం మర్యాదో మీరే చెప్పండి. ఈయనకి చెబితే స్కేలు తీస్తారు. అందుకే ఈయన ప్యాంట్ల మధ్యే దాచుకున్నాను."

పెద్దాయన మోకాలు రాసుకుంటూ మాస్టారి వైపు తిరిగారు.

"అసహ్యంగా ఉంటుందన్నావు నాయనా. ఇందాకట్నుంచీ చూస్తున్నాం, మాకెవరికీ అలా అనిపించలేదే! మగవాడి ప్యాంటంటే ఇదేనని నువ్వే తిరిగి తిరిగి చూపించావు కూడానూ."

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"దేవుడు అడిగేది పద్ధతిగా ఉండమని. నిచ్చెన మీద ఈ అమ్మాయి పద్ధతిగానే ఉంది. అమ్మా, ఆ స్కేలు నువ్వు తీసుకో. ఎవరిని ఎంతవరకు కొలవాలో నీకు తెలుసు."

"మరి కుర్చీ సంగతండీ?" అన్నారు మాస్టారు, నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో.

"నా మోకాళ్ళు ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటాయిలే."

భార్య స్కేలు అందుకుని అటూ ఇటూ చూసింది. "పెట్టుకోవడానికి జేబు లేదండీ" అంది.

పెద్దాయన మాస్టారి వైపు చూశారు. కుట్టిస్తానన్నట్టు మాస్టారు తల ఊపారు.

మరుసటి వారానికి ఆమె ప్యాంటుకు జేబులొచ్చాయి, జేబులోకి స్కేలు వచ్చింది, గుమ్మం ముందు కొలతల వరుసలోకి మాస్టారు వచ్చారు.