గైడు మీ వెంటే

"పరిశోధన చేసేవాళ్ల చేత పరిశోధన చేయించేవాళ్లకి, ఎలా చేయించాలో ఇకమీదట మేం నేర్పిస్తాం!"

విద్యామంత్రిగారు మైకులో ఈ మాట అనగానే ఆడిటోరియం చప్పట్లతో ఊగిపోయింది. వాక్యం ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు. అర్థం కాకపోయినా అంతసేపు చప్పట్లు కొట్టించుకోవడం మామూలు నాయకుడి వల్ల అయ్యే పనా!

పథకం పేరు 'గైడు మీ వెంటే'. యూనివర్సిటీలో ఉన్న పీహెచ్‌డీ గైడ్లు నలభైమందికీ ఐదు రోజుల ట్రైనింగు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున తొమ్మిదికి హాల్లోకి వెళ్తే సాయంత్రం ఆరుకి బస్సెక్కించి ఇళ్ల దగ్గర దింపుతారు. ఫోన్లు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ బుట్టలో వేసెయ్యాలి. ట్రైనింగు అయ్యేదాకా విద్యార్థుల్ని ఇళ్లకి కూడా రానివ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యమైన రూలు తలుపు మీద పెద్దక్షరాలతో అంటించారు: 'విద్యార్థులతో ఎలా మెలగాలో గైడ్లు నేర్చుకుంటున్నారు. విద్యార్థులు రావద్దు.'

అది ఆరేళ్లమ్మాయి రెండుసార్లు చదివింది.

ఆరేళ్లమ్మాయి అంటే చిన్నపిల్లేం కాదు. పీహెచ్‌డీలో చేరి ఆరేళ్లయింది, అందుకని సివిల్ డిపార్ట్‌మెంట్లో అందరూ అలా పిలుస్తారు. కాంక్రీటు గోడలు ఎందుకు పగుళ్లిస్తాయన్నది ఆమె పరిశోధన. మూడొందల పన్నెండు కాంక్రీటు దిమ్మెలు పోసింది, మూడొందల పన్నెండూ మిషన్లో పెట్టి పగలగొట్టింది, అంతా రాసింది, నల్ల అట్ట వేయించి బైండు కూడా చేయించింది. ఇక మిగిలింది ఒక్కటే. మొదటి పేజీలో 'పర్యవేక్షకుడి సంతకం' అని ఉన్నచోట గైడుగారు ఒక గీత గీకాలి. శుక్రవారం సాయంత్రం ఐదులోపు ఆ గీతతో థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్లు గంగలో కలిసినట్టే.

పరుగెత్తుకుంటూ సెక్షన్‌కి వెళ్లింది. అక్కడ థీసిస్‌లు తీసుకునే క్లర్కుని అందరూ సెక్షనక్క అంటారు.

"ఒక్క రోజు ఆగవా అక్కా?"

"నేను ఆగుతానే తల్లీ, కంప్యూటర్ ఆగదు. ఐదు కొట్టగానే అది నీ పేరు ఎర్రగా చేసేస్తుంది."

"సంతకం పెట్టే మనిషి హాల్లో ఉన్నారక్కా!"

"నీ ఒక్కదాని గైడేనా? అందరి గైడ్లూ అక్కడే. పో, కారిడార్లో నీ చుట్టాలు చాలామంది ఉంటారు."

నిజంగానే ఉన్నారు. హాలు బయట కారిడార్లో పందొమ్మిది మంది, ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కో నల్ల అట్ట పుస్తకం, పసిపిల్లల్ని టీకాలకి తెచ్చినట్టు కూర్చున్నారు. ఆరేళ్లమ్మాయి కూడా గోడకి ఆనుకుని కూలబడింది. ఆ గోడకి పగులుంది. అలవాటు కొద్దీ వేలితో కొలిచింది.

మంగళవారం హాల్లో నాటకం వేయించారు. ట్రైనింగు ఇచ్చేది కోచ్‌గారు, చెంపకి మైకు అంటించుకునే మనిషి. లోపల ఆయన ఏం మాట్లాడినా కారిడార్లో స్పీకరులో వినిపిస్తుంది.

"ఇప్పుడొకరు గైడు, ఒకరు విద్యార్థి. విద్యార్థి వేషానికి ఎవరొస్తారు?"

"బయట నిజం విద్యార్థులే ఉన్నారు కదండీ, ఒకర్ని పిలుద్దాం" అని ఎవరో సలహా ఇచ్చారు.

"వద్దండీ. నిజం విద్యార్థులైతే సబ్జెక్టు గురించి మాట్లాడతారు."

చివరికి ఆరేళ్లమ్మాయి గైడుగారే ఆ వేషం వేశారు. స్పీకరులో ఆయన గొంతు వినగానే ఆమె నిటారుగా కూర్చుంది. "సార్, మిమ్మల్ని కలవాలని నాలుగు నెలలుగా తిరుగుతున్నాను సార్! మూడో చాప్టర్ మీ బల్ల మీదే ఉంది సార్!" అంటూ ఆయన ఎంత బాగా ఏడ్చారంటే, కారిడార్లో ఇద్దరు ముక్కులు చీదుకున్నారు.

"మా సార్‌కి అన్నీ తెలుసు!" అంది ఆరేళ్లమ్మాయి పక్కనున్న కెమిస్ట్రీ అబ్బాయితో. "నేను తిరిగిన నెలలతో సహా తెలుసు!"

"తెలిసినందుకు ఫస్టు ప్రైజు కూడా ఇస్తున్నారు, విను" అన్నాడతను.

బుధవారం టీ టైములో అదృష్టం తలుపు తీసింది. గైడుగారు చెయ్యి కడుక్కోవడానికి బయటికొచ్చారు. ఆరేళ్లమ్మాయి పేజీ తెరిచి, పెన్ను మూత తీసి, ఎదురుగా నిలబడింది.

"సార్, సంతకం సార్."

మామూలుగా అయితే ఆయన "రేపు చూద్దాం" అని నడుస్తూనే ఉండేవారు. ఇప్పుడాయన ఆగారు. తల కొంచెం పక్కకి వంచారు. ఆమె కళ్లలోకి చూశారు. ఆరేళ్లలో ఆయన కళ్లు ఏ రంగో ఆమెకి ఆరోజే తెలిసింది.

"అంటే, నీకు సంతకం కావాలంటున్నావు" అన్నారు మెత్తగా.

"అవును సార్, శుక్రవారంలోపు."

"శుక్రవారంలోపు కావాలని నీకనిపిస్తోంది."

"అనిపించడం కాదు సార్, రద్దయిపోతుంది!"

"రద్దయిపోతుందని బాధగా ఉంది."

"చాలా బాధగా ఉంది సార్. ఇదిగో పెన్ను."

"పెన్ను ఇస్తున్నావు" అన్నారాయన, ఆ పెన్నువైపు ఎంతో గౌరవంగా చూస్తూ.

"పెట్టండి సార్, దండం పెడతాను!"

గైడుగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఏమీ అనుకోకమ్మా. ఈ మూడు రోజుల్లో వినడం వరకే చెప్పారు. జవాబివ్వడం రేపటి సెషను. నేర్పకముందే చేస్తే సర్టిఫికెట్ ఇవ్వరట. సర్టిఫికెట్ లేకపోతే నా సంతకమే చెల్లదట. నీ మంచికే చెప్తున్నా." అని తడిచేత్తోనే ఆమె తల నిమిరి లోపలికెళ్లిపోయారు.

గురువారం జవాబు సెషను పది గంటలకి. పదికి ఐదు నిమిషాల ముందు మంత్రిగారు చెప్పాపెట్టకుండా దయచేశారు. 'సమయపాలన' మీద రెండు నిమిషాలు మాట్లాడతానని మొదలుపెట్టి, దేశానికి ఒక్కో నిమిషం ఎంత విలువైందో నాలుగు గంటలసేపు విడమరిచి చెప్పారు. మళ్లీ చప్పట్లు. జవాబివ్వడం వచ్చే ఏడాది బ్యాచ్‌లో చేరుస్తామని కోచ్‌గారు ప్రకటించారు.

స్పీకరు ఆ ముక్క చెప్పగానే కారిడార్ చల్లబడిపోయింది. కెమిస్ట్రీ అబ్బాయి తన పుస్తకం మీద తల పెట్టుకున్నాడు.

శుక్రవారం నాలుగింటికి ముగింపు సభ. కెమెరాలొచ్చాయి కాబట్టి హాలు నిండుగా కనపడాలని కారిడార్లో ఉన్న వాళ్లందర్నీ లోపలికి తోలారు. 'ఉత్తమ శ్రోత' బిరుదు ఆరేళ్లమ్మాయి గైడుగారికే వచ్చింది. మంత్రిగారు శాలువా కప్పి, "ఇంతటి గురువు దొరికిన ఆ అదృష్టవంతురాలు ఎవరమ్మా?" అని అడిగారు.

నాలుగూ ముప్పై ఎనిమిది. ఆరేళ్లమ్మాయి స్టేజీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసింది.

"చెప్పమ్మా, మీ సార్ నీ మాట వింటున్నారా?"

"వింటున్నారండీ. అక్షరం పొల్లుపోకుండా వింటున్నారు."

"శభాష్! ఇంకేం కావాలి నీకు?"

"ఇక్కడ సంతకం కావాలండీ. ఐదింటిలోపు."

గైడుగారు తల పక్కకి వంచి "సంతకం కావాలంటున్నావు" అన్నారు. కోచ్‌గారు బొటనవేలు పైకెత్తారు. కెమెరాలన్నీ ముందుకొచ్చాయి. మంత్రిగారికి ఓపిక తక్కువ, మనసు పెద్దది. "ఇంతోటి దానికి చర్చెందుకయ్యా, ఇలా తే" అని పుస్తకం లాక్కుని, ఖాళీగా ఉన్నచోట తన సంతకం పెట్టి పారేశారు.

సంతకం పెట్టింది 'పర్యవేక్షకుడు' అన్న గడిలో.

అది చూసి కెమిస్ట్రీ అబ్బాయి లేచాడు. వాడి వెనక మిగతా పద్దెనిమిది మందీ. "సార్, నాది కూడా!" "ఇక్కడ సార్!" మంత్రిగారు నవ్వుతూ, ఫోటోలకి తిరుగుతూ, ఇరవై పుస్తకాలూ రెండు నిమిషాల్లో ముగించారు. ఎవర్నీ కాదనలేదు, ఒక్క పేజీ చదవలేదు. అనుభవం ఉన్న గైడు కూడా అంత వేగంగా చెయ్యలేడు.

నాలుగూ యాభై ఆరుకి సెక్షనక్క పేజీని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఇదెవరి సంతకమే?"

"మంత్రిగారిది అక్కా."

"ఈ గడిలో ఎవరి సంతకముంటే కంప్యూటర్లో వాళ్లే గైడు. ఎక్కించనా, వద్దా? నాలుగు నిమిషాలుంది."

ఆరేళ్లమ్మాయి గోడ గడియారం చూసింది. మూడొందల పన్నెండు దిమ్మెలు గుర్తొచ్చాయి.

"ఎక్కించక్కా."

ముద్ర పడింది. ఆమె అక్కడే బల్ల పట్టుకుని భోరుమంది, సంతోషంతోనే. సెక్షనక్క రసీదు చేతిలో పెట్టి, "ఇంకేముందే, వైవా తేదీ మీ గైడు రాసిస్తే అయిపోయినట్టే" అంది.

సోమవారం పొద్దున ఆరేళ్లమ్మాయి మంత్రిగారి ఆఫీసుకి వెళ్లింది. పీఏ ఫైల్లోంచి తలెత్తలేదు.

"ఏం పని?"

"మా గైడుగారిని కలవాలండీ."

పీఏ పెన్నుతో గోడవైపు చూపించాడు. అక్కడ బెంచీ మీద పందొమ్మిది మంది, ఒళ్లో నల్ల అట్ట పుస్తకాలతో, వరసగా కూర్చుని ఉన్నారు. చివర్లో కెమిస్ట్రీ అబ్బాయి ఆరోజు పేపర్ పట్టుకుని పైకి చదువుతున్నాడు. 'గైడ్ల శిక్షణ నూటికి నూరు శాతం విజయవంతం. యూనివర్సిటీలో ఏ ప్రొఫెసర్ దగ్గరా ఒక్క థీసిస్ కూడా పెండింగ్ లేదు.'

"కొంచెం జరుగు" అంది ఆరేళ్లమ్మాయి.