అప్రూవల్ అయ్యాకే పడవ

గోదావరి రెండో ప్రమాద హెచ్చరిక దాటిన రోజు ఉదయం తొమ్మిదింటికి, మా నియోజకవర్గ ఇన్‌ఛార్జి వెంకటనారాయణ గారు బూర్గంపాడులో మైకు పట్టుకుని, ఇకనుంచి వరద తమ పర్యవేక్షణలో జరుగుతుందని ప్రకటించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

'స్వచ్ఛంద అత్యవసర సమాచార సమన్వయ కేంద్రం' అని పేరు పెట్టారు. అంతకుముందు ఈ పని జిరాక్స్ షాపు సరిత చేసేది. ఆమెదో వాట్సాప్ గ్రూపు. ఏ వాగు పొంగింది, ఎవరి ట్రాక్టర్ ఖాళీగా ఉంది, ఎవరి పిల్లకు పాలపొడి కావాలి, అన్నీ అందులో పడేవి. ఎవరు పడితే వాళ్లు రాసేవారు, ఎవరు పడితే వాళ్లు సాయానికి పరిగెత్తేవారు. ఒక పద్ధతి లేదు. పైన ఒక నాయకుడి ఫోటో అయినా లేదు.

"సరితమ్మా, చాన కష్టపడ్డవ్. ఇగ రెస్ట్ తీస్కో," అని సార్ ఆమెకు శాలువా కప్పి, అడ్మిన్ బాధ్యతనుంచి తీసేశారు.

బొగ్గుబావుల ఆఫీసులో ముప్పై ఏళ్లు ఇన్‌వర్డ్ క్లర్కుగా చేసి రిటైరైన నన్ను అప్రూవల్ ఇన్‌ఛార్జిగా వేశారు.

"వీరేందర్, నీ టేబుల్ దాటకుండ ఒక్క మెసేజ్ పోవద్దు."

"పోదు సార్," అన్నాను. ముప్పై ఏళ్లలో ఎన్నడూ పోలేదు.

పద్నాలుగు కాలమ్‌ల ఫారం తయారు చేశాను. ఆధార్ నంబరు, ఇల్లు మునిగిందా, ప్రస్తుత పరిస్థితి, బాధితుడి ముఖమూ నీళ్లూ రెండూ కనిపించే ఫోటో వగైరా. అన్నీ సరిపోతే నేను అప్రూవల్ కాగితం పంపుతాను. అది చూశాకే బొజ్జయ్య తన మోటారు పడవ తాడు విప్పాలి. మా ఒడ్డున ఉన్న మోటారు పడవ అదొక్కటే కాబట్టి, ఈ రూలును సార్ స్వయంగా రెండుసార్లు చదివి వినిపించారు.

పది గంటలకు మద్దిగుంపు అనే గూడెం నుంచి పోతయ్య అనే ఆయన ఫోన్ చేశాడు. గోదావరి ఎగదన్నడంతో వాగు వెనక్కి పారి వాళ్ల గూడేన్ని చుట్టేసింది. పదిహేను ఇళ్లవాళ్లూ బడి డాబా ఎక్కి కూర్చున్నారు.

"సార్, మా కోడలు దుర్గకు నొప్పులు మొదలైనయ్. తొలి కాన్పు. జల్దీ పడవ పంపుండ్రి."

"ఫోటో పెట్టు."

"మాది బటన్ల ఫోను సార్."

"ఆధార్ నంబరు చెప్పు."

"కార్డు ఇంట్ల ఉన్నది."

"తెచ్చి చెప్పు."

"ఇల్లు నీళ్లల్ల ఉన్నది సార్."

'మునిగింది' అన్నచోట టిక్ పెట్టుకున్నాను. ఫోన్లో వెనకనుంచి ఆ పిల్ల మూలుగు వినిపించింది. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది. కానీ ఖాళీ కాలమ్‌లతో కాగితం ముందుకు పంపితే రేపు జవాబు చెప్పుకోవలసింది నేను. 'అసంపూర్తి' అని రాసి పక్కన పెట్టాను.

పోతయ్య సరితకు కూడా ఫోన్ చేసినట్టున్నాడు. ఆమె పరిగెత్తుకొచ్చింది.

"కాకా, పడవ ఏది?"

"ఒడ్డునే ఉంది. సార్ జెండా ఊపి ప్రారంభించాలి."

"ఎప్పుడు ఊపుతడు?"

"ఫోటోగ్రాఫర్‌కు యాంగిల్ కుదరాలి కదమ్మా."

గొడవ పెట్టుకుంటుందనుకున్నాను. పెట్టుకోలేదు. చేతులు కట్టుకుని సార్ దగ్గరికి వెళ్లింది.

"సార్, ఇక్కడ ఫోటో దిగితే చెరువుగట్టు మీద దిగినట్టుంటది. మద్దిగుంపుల బడి డాబా ఒక్కటే తేలి ఉన్నది, చుట్టూరా నీళ్లే. మీరు దాని మీద నిలబడితే అన్ని పేపర్ల పడ్తది."

సార్ ఫోటోగ్రాఫర్ వైపు చూశారు. "అవ్ సార్, మస్తుగొస్తది," అన్నాడతను.

ప్రజల మధ్యకు వెళ్లడానికి మా నాయకుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నాకు కళ్లు చెమర్చాయి. బ్యానర్ పట్టుకునే నలుగురు కార్యకర్తలతో ఎక్కి, పడవలో కూర్చునే ఆ పడవకు జెండా ఊపారు. ప్రారంభోత్సవానికి అప్రూవల్ అక్కర్లేదని నేను అప్పటికప్పుడు రూలు రాసుకున్నాను. సరిత కూడా ఎక్కింది.

అక్కడ జరిగింది ఫోటోగ్రాఫర్ చెప్పాడు. సార్, కార్యకర్తలు డాబా మీదికి దిగి బ్యానర్ పట్టుకున్నారు. మొత్తం రావాలంటే పడవలోంచే తీయాలని సరిత అంది. వాళ్లు వరుస సర్దుకునేలోపు దుర్గనూ, ఆమె అత్తనూ పడవలోకి దించారు. బొజ్జయ్య మోటారు తిప్పాడు. యాంగిల్ కోసం వెనక్కి పోతున్నారనుకుని సార్, పడవ అగ్గిపెట్టెంత అయ్యేదాకా నవ్వుతూనే ఉన్నారట.

ఒడ్డున దుర్గను అంబులెన్స్ ఎక్కించారు. సరిత కూడా దవాఖానాకు వెళ్లింది. బొజ్జయ్య తాడు కట్టేసి బీడీ ముట్టించాడు.

నా ఫోన్ మోగింది.

"వీరేందర్, పడవ పంపు."

బొజ్జయ్యను అడిగాను. "కాగితం చూడంది తాడు విప్పొద్దని సారే చెప్పిండు గదా. వచ్చిందా?" అన్నాడు. న్యాయంగానే అన్నాడు.

"సార్, ఆధార్ నంబరు?"

"నేనెవరో తెల్వదా నీకు?"

"తెలుసు సార్. పేరు కాలమ్ నింపేశాను."

కార్డు ఖమ్మంలో ఇంట్లో ఉంది, మేడమ్ ఫోన్ ఎత్తడం లేదు. ఫోటో పంపారు గానీ అలవాటు కొద్దీ నవ్వారు. నవ్వే బాధితుణ్ణి చూస్తే ఎవరూ నమ్మరని తిప్పి పంపాను. రెండోదాంట్లో ముఖం, నీళ్లు, బాధ మూడూ స్పష్టంగా వచ్చాయి.

ఈలోగా సరిత ఫోన్లు చేస్తే ఎగువనుంచి జాలరులు దోనెలు వేసుకొచ్చి, మద్దిగుంపు వాళ్లను ఇద్దరిద్దరిగా ఒడ్డుకు దించేశారు. సార్‌నూ రమ్మన్నారు. దోనె ఊగుతోందని సార్ ఎక్కలేదు. కార్యకర్తలు ఎక్కారు.

మధ్యాహ్నం రెండింటికి దుర్గకు ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డ క్షేమమని సరిత కబురు పెట్టింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మూడు నలభైకి మేడమ్ ఆధార్ నంబరు చెప్పారు. మూడు నలభై రెండుకు నేను అప్రూవల్ ఇచ్చాను.

సాయంత్రం పేపర్లకు నోట్ రాయడానికి కూర్చున్నాం. దుర్గ సంగతి కూడా రాయమంటారా అని అడిగాను.

"ఆమె ఫారం కంప్లీట్ అయిందా?" అన్నారు సార్, ఇంకా తడిగా ఉన్న సాక్సులు పిండుకుంటూ.

"కాలేదు సార్."

"మరి?"

ఆయన చెప్పినట్టే రాశాను: 'తొలిరోజు కేంద్రానికి అందిన పూర్తిస్థాయి అభ్యర్థన ఒకటి. రక్షణ పొందినవారు ఒకరు. విజయశాతం వంద. బాధితుని కోరిక మేరకు పేరు వెల్లడించడం లేదు.'