కోటిలింగం మాగాణి మట్టి

ఆ ఉదయం కోటిలింగం పెట్టుకున్న పని ఒక్కటే, ఆకుమడికి నీళ్లు కట్టి చద్దన్నం వేళకు ఇంటికి రావడం. గట్టెక్కి చూస్తే తన మాగాణిలో ఎవడో పలుగుతో తవ్వుతున్నాడు!

"ఎవరండీ మీరు?"

"వ్యవసాయ శాఖ నుంచండి, నా పేరు దయానందం. మాగాణి, కొబ్బరితోట, పశువుల బీడు, చవుడు... ఈ కోడూరులో ఏ నేలకెంత సారముందో పరీక్ష చేయించాలి."

కోటిలింగానికి అనుమానం తగిలింది. సర్కారువాడు ఊరికే మట్టి మోసుకుపోతాడా? సారం ఎక్కువని తేలితే శిస్తు పెంచెయ్యరూ!

ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి, దయానందాన్ని భోజనానికి పిలిచాడు. అతిథి లోపల పప్పన్నం తింటుంటే అతను ఊరంతా తిరిగి నింపుకుని అరుగు మీద పెట్టిన మట్టి సంచులు విప్పి, తన మాగాణి మట్టినీ, బావమరిది అంకమ్మరావు చవుడు మట్టినీ తారుమారు చేశాడు.

"ఏంటండీ ఆ చప్పుడు?" అంది భార్య సీతామహాలక్ష్మి.

"పిల్లి!" అన్నాడు.

నెల తిరక్కుండా ఫలితం వచ్చింది, పంచాయతీలో అందరి ముందూ చదివారు. కోటిలింగం మాగాణి వట్టి చవుడట! అతను మీసాల చాటున నవ్వుకుంటుంటే పంచాయతీ ప్రెసిడెంటు సాంబశివరావు గొంతు సవరించుకున్నాడు.

"మురుగు కాలువ పంట పండని నేల మీదుగా తవ్విద్దామండీ. కోటిలింగం పొలం ఉందిగా!"

తాతల నాటి పొలం! కోటిలింగానికి ఏడుపొక్కటే తక్కువ. "అయ్యో, అది బంగారంలాంటి నేలండీ! సంచులు నేనే మార్చానండీ!"

"ఏటా గింజ మిగల్లేదని ఏడ్చేది నువ్వే కదయ్యా!" అన్నాడు ప్రెసిడెంటు.

"కాలువ నా పొలంలోకి తోలాలని ఎత్తు వేశావా, బావా?" అని అంకమ్మరావు లేచాడు.

కోటిలింగం పరుగున వెళ్లి మట్టిగడ్డ తెచ్చి నాలుక మీద వేసుకున్నాడు. "చూడండి, చప్పగా ఉంది! ఉప్పన్నదే లేదు!"

"పొలమూ నీదే, నాలుకా నీదే. నమ్మేదెట్టా?" అన్నాడు ప్రెసిడెంటు.

చివరికి కోటిలింగమే దయానందం కాళ్లావేళ్లా పడి మళ్లీ మట్టి తీయించాడు. ఈసారి ఎవరినీ నమ్మక, బందరు బస్సులో సంచి తనే ఒళ్లో పెట్టుకుని, పక్కన కూర్చున్న ముసలమ్మను కూడా అనుమానంగా చూస్తూ వెళ్లాడు. ఊళ్లోకెల్లా అతని మాగాణే మేలని తేలింది. కాలువ పక్కకు జరిగింది. ఇంకెవరూ తన నేలకు వంక పెట్టకుండా కోటిలింగం ఊరంతా దండోరా వేయించాడు.

"ఇంతకీ సంచులెందుకు మార్చారండీ?" అన్నాడు దయానందం.

"శిస్తు పెంచుతారని భయమండీ."

"భలేవారే! మా పరీక్ష ఏ నేలకెంత ఎరువెయ్యాలో చెప్పడానికేనండీ. శిస్తు లెక్కలు రాసే కరణంగారికి ఈ పరీక్ష సంగతే తెలియదు."

"కోటిలింగంగారి మాగాణి ఊళ్లోకెల్లా మొదటి రకమహో!" అంటూ దండోరా అప్పుడే కరణంగారి వీధిలోకి మలుపు తిరిగింది.