అడగకూడని ప్రయాణం

గోడ అవతల ఏదో బుస్సుమంది. ఆగింది. మళ్లీ బుస్సుమంది.

మొక్కలకు నీళ్లు పోస్తున్న అచ్చాయమ్మ త్రాచుపామనుకుని కర్ర తీసుకుంది. తొంగిచూస్తే పాము లేదు. పక్కింటి సత్తిరాజు తన చిన్న కారులో వెల్లకిలా పడుకుని, నడివేసవిలో ఉన్ని టోపీ పెట్టుకుని, ముక్కుకు ఆక్సిజన్ డబ్బా అదుముకుని ఉన్నాడు. కర్ర ఆమె చేతిలోంచి జారిపోయింది.

ఆ ఉదయం సత్తిరాజు తలపెట్టినది చిన్న పనే. హిమాలయాల్లోని ఎత్తయిన దారికి కారును సిద్ధం చేస్తున్నాడు. కొత్త బ్రేకులు వేయించాడు, ఇంజనులో చలికి గడ్డకట్టని కూలెంటు పోయించాడు, దారిలో రాత్రుళ్లు పడుకోవడానికి పరుపు వేయించాడు. కొండల మీద గాలి పలచనట. అందుకే డబ్బాను పరీక్షిస్తున్నాడు. పెళ్లయిన కొత్తలో భార్య సావిత్రి, ఫ్రిజ్జులో తప్ప మంచును చూడలేదని ఒకసారి అంది. మళ్లీ ఎన్నడూ అనలేదు. ఆ అనకపోవడమే అతణ్ణి ఇన్నేళ్లూ తొలిచింది. ఆమె మోకాళ్లు మొరాయించకముందే చూపించాలి, చూపించేదాకా చెప్పకూడదు. "రేపు బయలుదేరదాం, బట్టలు సర్దు" అని మాత్రం అన్నాడు.

కొత్తపేటలో చెప్పకపోవడం తేలిక. బయలుదేరేవారిని ఎక్కడికని అడిగితే ప్రయాణం చెడుతుంది. ప్రార్థనలు వేరైనా ఈ ఒక్క విషయంలో ఆ వీధిది ఒకే మతం.

అచ్చాయమ్మ నేరుగా మెకానిక్ రాజబాబు దగ్గరకు వెళ్లింది.

"సత్తిరాజుగారి కారుకేం చేసేవయ్యా?"

"వెనక సీటు పీకేసి పరుపు వేసేనండి. పడుకుని వెళ్లాలంటండి."

"అయ్యో! ఎక్కడికో ఏమో..."

"అదెలా అడుగుతామండీ!"

"ఆయ్, నిజమే. అడక్కూడదు."

మధ్యాహ్నానికి వీధి వీధంతా క్యారేజీలు పంపింది. ప్రయాణపు మర్యాద కాబోలనుకుని సత్తిరాజు అన్నీ తృప్తిగా తిన్నాడు. ఆ తినడం చూసి ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

అచ్చాయమ్మ వంటింట్లోకి వచ్చి సావిత్రి చేయి పట్టుకుంది. "గుండె రాయి చేసుకోండి సావిత్రిగారూ. పెద్దాసుపత్రికే అనుకుంటాను. మీకు చెప్పలేక దాచేరు."

సావిత్రి ఏడవలేదు. తనకు తెలిసిందని తెలిస్తే ఆయన కుంగిపోతాడు. ఉప్పలగుప్తంలోని తమ్ముడు బుల్లిరాజుకు ఫోన్ చేసి, "మీ బావగారికి ఓపిక లేదురా, బండి నువ్వే నడపాలి" అంది.

మర్నాడు పొద్దున్నే అక్కాతమ్ముళ్లు సత్తిరాజును చెరో రెక్కా పట్టుకుని పరుపు మీద పడుకోబెట్టారు. సావిత్రి తన చేత్తో ఉన్ని టోపీ తొడిగి, పక్కనే కూర్చుంది. రహస్యం బయటపడిందని అతనికి అర్థమైంది. కొండెక్కే ముందు విశ్రాంతి తీసుకోవాలని తాను చదివినది ఆమె కూడా చదివి, అందుకే బండి నడపడానికి తమ్ముణ్ణి పిలిపించి ఉంటుందనుకున్నాడు.

"అయితే నీకు తెలిసిపోయిందన్నమాట."

"తెలిసిందండీ. మీరేం మాట్లాడకండి."

"భయంగా ఉందా?"

"మీరుండగా నాకు భయమేంటండీ" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రావులపాలెం సెంటర్లో కారు ఆగింది. ఒక దారి రాజమండ్రికి, ఒక దారి తణుకుకు. బుల్లిరాజు అద్దంలో బావగారిని చూశాడు. బావగారు చిరునవ్వు నవ్వాడు. అక్కను చూశాడు, అక్క కళ్లు దించుకుంది. ఎటు తిప్పాలో తెలియాలంటే అడగాలి. అడిగితే బావగారికేమవుతుందో! వెనక అరటిగెలల లారీలు బారులు తీరి హారన్లు మోగించాయి. హిమాలయాలకు ముస్తాబైన కారు బల్లపరుపు నేల మీద కదలలేక నిలబడింది.

సావిత్రి ఇక ఆగలేకపోయింది.

"శకునం పోతే పోయిందండీ. ఏ ఆసుపత్రికి? ఎక్కడికండీ మనం వెళ్తున్నాం?"

"ఆసుపత్రేంటి?" సత్తిరాజు లేచి కూర్చున్నాడు. ఆమె ముఖం చూశాడు. వంగి, చెవిలో ఒక పేరు చెప్పాడు. ఫ్రిజ్జు మాట కూడా గుర్తుచేశాడు.

సావిత్రి అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, అతని ఉన్ని టోపీ ఊడబీకి తాను పెట్టుకుంది.

బుల్లిరాజు మాత్రం కారును కొత్తపేట వైపే తిప్పాడు. అడిగించుకున్న ప్రయాణం ఇంటికెళ్లి మంచినీళ్లు తాగితే గాని మళ్లీ మొదలుకాదు.

అంత తొందరగా తిరిగొచ్చిన కారును చూసి, గేటు దగ్గర అచ్చాయమ్మ బైబిలును గుండెకు హత్తుకుంది. సావిత్రి టోపీతో సహా తల కిటికీలోంచి బయటపెట్టి, వీధి చివరిదాకా వినబడేలా కేకేసింది.

"లడఖ్ అండీ, లడఖ్!"